ముచ్చట పెట్టబోతే పంచాయితీ అయింది

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది భూపాలపల్లి. పేరు వేయకండి. మా ఆయన సింగరేణిలో, భూగర్భ గనిలో పని చేస్తారు. వారానికో షిఫ్టు మారుతుంది. బాబు ఇంటర్ ఫస్టియర్, పాప ఎనిమిదో తరగతి. అత్తమ్మ మాతోనే ఉంటుంది. అయిదుగురం ఒక్క కప్పు కిందే ఉంటున్నాం గానీ ఎవరి లోకం వాళ్లదే. బాబు కాలేజీ ఫీజుకు ఆఖరు తేదీ ఎప్పుడో పక్కింటావిడ చెబితే తెలిసింది నాకు. వారానికోసారి ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోవాలని ఫోన్లో ఒక వీడియోలో చెప్పారు. మంచిగనిపించి మూడు ఆదివారాలు పెట్టాను. మొదటిసారి నవ్వుకుంటూ గడిచింది. రెండోసారి మా ఆయన బాబు మార్కుల మీద అందుకుని నలభై నిమిషాలు వదల్లేదు. మధ్యలో ఆయనే రెండుసార్లు ఫోనెత్తారు. మూడోసారి బాబు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన లాగేశారు. వాడు లేచి బయటికి వెళ్లినవాడు రాత్రి 10 దాటినాక వచ్చాడు. "మంచిగున్న ఇంట్ల పంచాయితీ వెట్టినవ్ బిడ్డా" అన్నది అత్తమ్మ. అప్పట్నుంచి ఆదివారం వస్తోందంటే నాకు టెన్షన్. పాప మాత్రం "మళ్లెప్పుడమ్మా మీటింగు?" అని అడుగుతోంది. మానేయాలా, మళ్లీ పెట్టాలా?

జవాబు: చెల్లె, మీ అత్తమ్మ అన్న మాట దగ్గరే మొదలుపెడతాను. మన వైపు పంచాయితీ అంటే గొడవ. "వాళ్లింట్ల పంచాయితీ అయితాంది" అంటే సర్పంచి వచ్చాడని ఎవరూ అనుకోరు. పెద్దమనుషులు మంచాల మీద కూర్చుంటారు, తప్పు చేశాడన్నవాడు ఎదురుగా నిలబడతాడు, చివరికి ఎంతో కొంత జుర్మానా పడుతుంది. రెండో ఆదివారం మీ ఇంట్లో జరిగింది అదే. పెద్దామె దానికి సరైన పేరే పెట్టింది.

మానేయకండి. అలాగని అదే పద్ధతిలో మళ్లీ పెట్టకండి.

నా సంగతి కొంచెం చెప్పాలి. ఇరవై ఏళ్ల పైన నా ఉద్యోగమే మీటింగుల్లో కూర్చోవడం. వెలుగు పథకం రోజుల నుంచి మహిళా పొదుపు సంఘాలతో పని చేశాను, ఎక్కువగా పరకాల, నర్సంపేట పల్లెల్లో. సంఘానికి పది పదిహేను మంది ఆడవాళ్లు. చాప మీద గుండ్రంగా కూర్చోవాలి, ఎవరి వీపూ ఎవరికీ కనిపించకూడదు. పంచసూత్రాలని అయిదు నియమాలు నేర్పేవాళ్లం: క్రమం తప్పకుండా కూర్చోవడం, పొదుపు చేయడం, ఆ పొదుపులోంచే ఒకరికొకరు అప్పు ఇచ్చుకోవడం, వాయిదాలు కట్టడం, పుస్తకాలు సరిగా రాయడం. డబ్బు కోసం పెట్టిన సంఘమే అయినా మొదటి సూత్రం డబ్బు కాదు, కూర్చోవడం. ఇది నాకు చాలా ఏళ్ల తర్వాత గాని వెలగలేదు.

కూర్చున్నవన్నీ మీటింగులు కావు. కొన్ని సంఘాల్లో లీడరు ఇంట్లోనే తీర్మానం రాసుకుని వచ్చేది. అప్పు ఎవరికో, ఎంతో ముందే తేలిపోయేది. మిగతావాళ్లు వచ్చి, సంతకమో వేలిముద్రో వేసి, పత్తి ఏరడానికి ఆలస్యమవుతోందని లేచేవాళ్లు. నెల తిరిగేసరికి సగం మంది రారు. లీడరు నాతో "మేడమ్, వీళ్లకు బాధ్యత లేదు" అని చెప్పుకునేది.

ఇంకో సంఘం ఉండేది. ఊరి పేరు వద్దు. లీడరు గట్టి మనిషి, మాట కటువు. బిడ్డ పెళ్లికి 20 వేలు అప్పు కావాలని అడిగింది. అప్పటికే ఆమెవి రెండు వాయిదాలు బాకీ ఉన్నాయి. వెనక గోడకు ఆనుకుని ఒకామె ఉంది, బీడీలు చుట్టే మనిషి. నేను వెళ్లిన రెండేళ్లలో ఆమె గొంతు వినలేదు. తల ఎత్తకుండానే అన్నది: "మాకైతే గిట్ల ఇయ్యరు గదా." ఎవరూ కదల్లేదు. నేను కూడా చాప అంచు చూస్తూ కూర్చున్నాను, నిజం చెప్పాలంటే భయమేసింది. లీడరు ముఖం ఎర్రబడింది. కాసేపటికి పుస్తకం మూసి, "సరే, రెండు వాయిదాలు కట్టినంకనే అడుగుత" అన్నది. తర్వాతి వారం పదమూడు మందికి పదమూడు మందీ వచ్చారు. వెనకామె గోడ దగ్గర కూర్చోలేదు.

చెల్లె, ఇప్పుడు మీ మూడు ఆదివారాలు గుర్తు చేసుకోండి. మీ ఆయన మాట నెగ్గకుండా పోగల విషయం ఒక్కటైనా ముందుకొచ్చిందా? మీ మాట? రాలేదు. ఓడిపోయే అవకాశం ఉన్నది మీవాడికి ఒక్కడికే. అలాంటి చోట ఇయర్‌ఫోన్లు పెట్టుకోకుండా ఎవరు కూర్చుంటారు?

మీ ఆయన్ను తప్పుపడుతున్నానని అనుకోవద్దు. మీకన్నా పెద్ద తప్పు చేశాను నేను. 2008లో మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఊళ్లలో మీటింగులు నడిపే దాన్ని, ఇంట్లో నడపలేనా అనుకుని పొడుగు నోటుబుక్కు కొని గీతలు కొట్టాను: తేదీ, హాజరు, చర్చించిన అంశం, తీర్మానం, సంతకాలు. శనివారం రాత్రిళ్లు. నాలుగు వారాలు చక్కగా సాగింది, అందరూ సంతకాలు పెట్టారు. అయిదో వారం తీర్మానం, "రాత్రి 9 తర్వాత టీవీ బంద్". నేను తొమ్మిదిన్నర సీరియల్ చూసేదాన్ని, అది లెక్కలోకి రాదన్నట్టు. పొద్దున పుస్తకం తెరిస్తే మా అమ్మాయి సంతకం ఉండాల్సిన చోట నీలం సిరాతో బొటనవేలి ముద్ర ఉంది. ఇంగ్లీషు మీడియంలో చదివే పిల్ల! ఇదేందని అడిగితే, "నువ్వు రాసింది నువ్వే చదువుకుంటవ్ గదా, నాకు చదువు రాకున్నా నడుస్తది" అన్నది. ఎదురు మాట్లాడిందని ఆ రోజు తిట్టాను. ఆ పుస్తకం ఇప్పటికీ ఇనప పెట్టెలో ఉంది. సంఘాల్లో ఏ లీడర్లనైతే మార్చాలని తిరిగానో ఇంట్లో అచ్చం ఆ లీడరునే అయ్యానని తెలియడానికి వేలిముద్ర కావలసి వచ్చింది.

ఈ పద్ధతి ఫోన్లలో వీడియోలు పుట్టినాక వచ్చింది కాదు. వియన్నాలో ఆల్‌ఫ్రెడ్ ఆడ్లర్ అనే డాక్టరు 1920లలోనే తల్లిదండ్రులను, టీచర్లను, పిల్లలను కలిపి కూర్చోబెట్టి మాట్లాడేవాడు. ఆయన దారిలోనే నడిచిన రుడాల్ఫ్ డ్రైకర్స్ అమెరికా వెళ్లి చికాగోలో స్థిరపడ్డాక, ప్రతి ఇల్లూ వారానికోసారి ఇలా కూర్చోవాలని చెబుతూ వచ్చాడు. ఆయన గట్టిగా పట్టుకున్న మాటలు నాలుగు: మీటింగు నడిపేది ప్రతిసారీ ఒకరే కాకూడదు. చిన్నా పెద్దా అందరి మాటకూ ఒకే విలువ. ఓట్లు వేసి గెలవడం కాదు, అందరూ సరేననే దాకా మాట్లాడాలి. ఒకసారి అనుకున్నది మళ్లీ కూర్చునే దాకా మార్చకూడదు. ఓట్ల సంగతి చాలా సరైన మాట. అయిదుగురున్న ఇంట్లో మూడు, రెండు అని చేతులెత్తితే ఇంట్లో రెండు పార్టీలు తయారవుతాయి. తేలకపోతే వచ్చేసారికి వాయిదా వేయండి, ఏం కొంప మునగదు. వారానికోసారి అన్నది మాత్రం మీ ఇంట్లో కుదరదు. పాపం ఆ డాక్టరుకు రాత్రి షిఫ్టుల సంగతేం తెలుసు.

మీ ఇంటి లెక్క మీరు వేసుకోవాలి. రాత్రి షిఫ్టు వారం వద్దే వద్దు. పొద్దున 7కు పైకొచ్చి, పగలంతా కిటికీలు మూసుకుని ముక్కలు ముక్కలుగా పడుకునే మనిషిని కూర్చోబెట్టి "చెప్పండి" అంటే వచ్చేది కోపమే. రెండో షిఫ్టు వారం పిల్లలు ఇంటికొచ్చేసరికి ఆయన గనిలో ఉంటారు. మిగిలింది మొదటి షిఫ్టు వారం. మూడింటికి పైకొచ్చి, ఇంటికి చేరి, తిని, ఓ కునుకు తీసి అయిదున్నరకు లేస్తారనుకోండి. ఆ వారంలో ఒక సాయంత్రం పెట్టుకోండి. మూడు వారాలకోసారేనా అనుకోవద్దు, తప్పకుండా జరిగితే చాలు. ఆదివారం మీద పట్టుపట్టకండి. ప్లేడే డ్యూటీ, అంటే సెలవు నాటి పని పడితే ఆ రెట్టింపు మస్టర్ (రోజు కూలి) వదులుకుని మీటింగుకు కూర్చోమనడం న్యాయం కాదు. పిల్లలకు కూడా ఉన్న ఒక్క సెలవు పాడైందన్న మంట ఉంటుంది.

ఎంతసేపంటారా? గడియారం పెట్టకండి, సర్వపిండి పెట్టండి. గిన్నెకు అద్ది, వేలితో బొక్కలు పెట్టి, నూనె చుక్కలు వేసి, మూత పెట్టి సన్న మంట మీద ఉంచి వచ్చి కూర్చోండి. నువ్వులు, పల్లీలు కాలుతున్న వాసన వంటింట్లోంచి వస్తుంటే ఎవరికీ పొడుగ్గా మాట్లాడాలనిపించదు. రెండు గిన్నెలు దిగేసరికి మాటలు అయిపోవాలి. తేలని విషయం వచ్చేసారికే. రెండో గిన్నె దించే పని బాబుకు ఇవ్వండి. కూర్చుని కూర్చుని విసుగొచ్చిన పిల్లాడికి లేవడానికి గౌరవమైన సాకు దొరుకుతుంది. మీరొక్కరే పదిసార్లు లేస్తూ కూర్చుంటూ ఉంటే మాత్రం అది అందరి మీటింగు కాదు, మీ ఓవర్‌టైమ్.

ఫోన్లు బియ్యం డబ్బా మీద. అందరివీ, ముందు మీ ఆయనది. గని నుంచి ఫోన్ రావచ్చంటే ఆయనది రింగు పెట్టి అక్కడే ఉంచండి, మోగితే లేచి వెళ్లి మాట్లాడతారు. పక్కలో పెట్టుకుని తిప్పడం వేరు, మోగితే లేవడం వేరు.

మాట్లాడే వరస చాలా ముఖ్యం. మనం పెద్దవాళ్లను ముందు మాట్లాడమంటాం, మర్యాద అది. పెళ్లి మాటల్లో సరే, ఇక్కడ అది పని చెడగొడుతుంది. పెద్దాయన ఒకసారి "నాకైతే ఇట్లనిపిస్తోంది" అన్నాక చిన్నవాళ్ల నోట్లోంచి ఇంకేం వస్తుంది? పాప ముందు, తర్వాత బాబు, తర్వాత మీరు, అత్తమ్మ, ఆఖరున ఆయన. మొదటి రెండుసార్లు నడిపే పని కూడా పాపకే ఇవ్వండి. మళ్లెప్పుడని అడుగుతున్నది ఆ పిల్ల ఒక్కతే కదా.

అత్తమ్మ సంగతి. మీరు ఉత్తరంలో రాయలేదు గానీ, ఆ వయసు ఆడవాళ్లలో చాలామంది ఏదో ఒక సంఘంలో కూర్చున్నవాళ్లే. అడిగి చూడండి. కూర్చున్నదే అయితే వాయిదా అంటే ఏమిటో, తీర్మానం అంటే ఏమిటో మీకన్నా నాకన్నా ఆమెకు బాగా తెలుసు. "అత్తమ్మా, మీ గ్రూపుల ఎట్ల మాట్లాడుకునేటోళ్లు?" అని పాపతో అడిగించండి. మీటింగు అన్న మాట కూడా తీసేయండి. ముచ్చట అనండి. "గురువారం ముచ్చట" అంటే ఆమెకు అభ్యంతరం ఉండదు. మనం పెద్ద విషయాలన్నీ ముచ్చట్లలోనే తేల్చుకుంటాం, బతుకమ్మ పేరుస్తూ సంబంధాలు కుదుర్చుకునే జాతి మనది.

ముందుగా ఏం మాట్లాడాలో రాసే కాగితం ఒకటి గోడకు ఉండాలి. కొత్తగా ఏదీ కొనక్కర్లేదు. పాలవాడి లెక్క, గ్యాసు బండ వచ్చిన తేదీ రాసుకునే తెలుగు క్యాలెండరు ఉంటుంది కదా, దాని పక్కన మేకుకు దారంతో పెన్సిల్ కట్టండి. ఎవరికి ఏది అనిపిస్తే అది రాయొచ్చు. బాబు ఫీజు తేదీలాంటివి ఆ గడిలోనే పడతాయి. అక్కడ లేని విషయం ఆ రోజు మాట్లాడకూడదు. "ఇప్పుడే గుర్తొచ్చింది" అని మీ ఆయన మార్కులు ఎత్తినప్పుడు పాప క్యాలెండరు చూపించాలి, అంతే.

మార్కులు అసలు ముచ్చటకు రాకూడదు. ఒక్క మనిషి తప్పు నలుగురి మధ్య చర్చకు పెట్టకూడదు. బాబు చదువు గురించి మాట్లాడాల్సిందే, కానీ అది తండ్రీకొడుకుల మధ్య, లేదా మీకూ బాబుకూ మధ్య. ఎదురెదురుగా కూర్చోబెట్టి కాకుండా బండి మీద వెళ్తూనో, బోరు దగ్గర నీళ్లు పట్టుకుంటూనో. మగపిల్లలు కళ్లలోకి చూడక్కర్లేని చోట ఎక్కువ చెబుతారు. ఈ మాట మీ ఆయనకు పిల్లల ముందు చెప్పకండి. ఒక్కరే ఉన్నప్పుడు, "ఏమండి, మార్కులు అడగొద్దననను, ముచ్చట నాడు మాత్రం వద్దు" అనండి. ఆయన వైపు నుంచి కూడా చూడండి. గనిలో సర్దార్ ఆగమంటే ఆగాలి, వెనక్కి రమ్మంటే రావాలి. అక్కడ ఎదురు ప్రశ్న వేస్తే ప్రాణం మీదికొస్తుంది. రోజుకు ఎనిమిది గంటలు అట్లా బతికిన మనిషికి ఇంట్లో ఎదురుమాట వింటే ఒళ్లు మండటం సహజమే. అది చెడ్డతనం కాదు, అలవాటు.

అందుకే మొదటి ముచ్చటలో ఆయనకో పని ఇవ్వండి. తనకు సంబంధించిన ఒక చిన్న విషయం తనే ముందు పెట్టి, "మీరు వద్దంటే మానేస్త" అనాలి. బండి వరండాలో నిలబెట్టడమో, పొద్దున్నే వార్తలు గట్టిగా పెట్టడమో, ఏదో ఒకటి. పిల్లలు వద్దంటే ఆయన నిజంగా మానేయాలి. మూడు వారాలు ఆ బండి వరండాలో కనపడకపోతే మీవాడికి ఏ ఉపన్యాసమూ అక్కర్లేదు.

మీవాడు రాకపోతే? బతిమాలకండి, లాక్కురాకండి. గడప మీద కూర్చుంటానంటే కూర్చోనివ్వండి. మాట్లాడకపోతే మాట్లాడకపోనివ్వండి. రానివాళ్లు లేనప్పుడు నిర్ణయాలు చేసేస్తే దెబ్బకు వాళ్లే వస్తారని అనేవాళ్లున్నారు. నాకు ఆ తెలివి నచ్చదు. లేనివాడి నెత్తిన పని పెట్టకండి. వాడికి సంబంధించింది ఉంటే వాయిదా వేసి, "నీ కోసమే ఆపినం" అని సర్వపిండి ముక్కతో పాటు చెప్పండి. సర్వపిండి తప్పకుండా ఇవ్వండి, అది శిక్షల్లోకి రాకూడదు.

ఆ వీడియోల్లో ఇంకోటి చెబుతారు, మొదట ఒక్కొక్కరూ మిగతావాళ్లను మెచ్చుకోవాలని. మన ఇళ్లలో భర్తకు భార్య థాంక్యూ చెబితే ఏదో తేడా జరిగిందనుకుంటారు. "నువ్వు చాలా మంచివాడివి నాన్నా" అని మీరు అన్నా మీవాడు నవ్వుతాడు. దాని బదులు చూసిన ఒక్క సంగతి చెప్పండి. "నిన్న రాత్రి మోటరు నువ్వే బంద్ చేసినవ్, లేకుంటే ట్యాంకు పొర్లేది." మెచ్చుకోలు అందులోనే ఉంది.

ఒకటి రెండు ముచ్చట్లు చిన్న విషయాలతో గడవనివ్వండి. చార్జరు ఎవరిది, పొద్దున బాత్రూము ముందెవరికి, ఆదివారం చికెనా చేపలా. ఆ తర్వాత అసలైనది రానివ్వండి. దసరా ముందు మీ ఇంటికి లాభాల వాటా వస్తుంది. ఆ డబ్బు ఏమవుతుందో మీ పిల్లలకు తెలుసా? కొత్త బట్టలు, వేట కూర తప్ప మిగతాదంతా వాళ్లకు మాయమే. ఈసారి కాగితం మీద రాసి చూపించండి: చిట్టీ ఇంత, లోను వాయిదా ఇంత, ఫీజు ఇంత, మిగిలేది ఇంత. ఆ మిగిలిన దానిలో పదివేలో పదిహేనువేలో అందరూ కలిసి తేల్చుకోవడానికి వదిలేయండి. అత్తమ్మ మేడారం పోదామంటుంది, నిలువెత్తు బంగారం, అదే బెల్లం మొక్కు ఉందంటుంది. పాప సైకిల్ అంటుంది. మీకు వంటింట్లో చిమ్నీయో, అరలో ఇంకేదో. లెక్క ముందున్నాక బాబు బండి అడగకపోవచ్చు, అడిగినా ఎందుకు కుదరదో ఎవరూ అరిచి చెప్పక్కర్లేదు. జీతం పిల్లలకు చెబితే బయట చెప్పుకుంటారని చాలామంది భయపడతారు. ఎనిమిదో తరగతి పిల్లకు కాలనీలో ఎవరి జీతమెంతో మనకన్నా బాగా తెలుసు.

దసరా అయ్యాక ఎట్లా తేలిందో రాయండి. సైకిల్ గెలిచిందో, మొక్కు గెలిచిందో తెలుసుకోవాలనుంది.

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర పల్లె. మా ఆయన సౌదీలో డ్రైవర్. రోజూ రాత్రి ఫోన్ చేస్తారు. నాతో పది నిమిషాలు, మామయ్యతో అయిదు, పిల్లలతో రెండు. ఒకే విషయం ముగ్గురం మూడు రకాలుగా చెబుతాం. పొలం కౌలు సంగతి మామయ్య ఒకటి చెప్పారు, నేనొకటి చెప్పాను. ఆయన ఇద్దరి మీదా కోపం చేసుకుని వారం ఫోన్ చేయలేదు. మేమెట్లా కలిసి కూర్చోవాలి?

జవాబు: అమ్మా, ఎంత దూరంలో ఉన్నా ఫోన్ ఒక్కటే కదా, దాన్ని మధ్యలో పెట్టండి. శుక్రవారం ఆయనకు సెలవుంటే, మనకు సాయంత్రం 7 అయ్యేసరికి అక్కడ నాలుగున్నర. పిల్లలు బడి నుంచి వచ్చి ఉంటారు, ఆయన నమాజు రోజు ట్రాఫిక్ నుంచి, నిద్ర నుంచి తేరుకుని ఉంటారు. ఫోన్‌ను స్టీలు డబ్బాకు ఆనించి వీడియో పెట్టండి, అందరూ కనపడాలి. మిగతా ఆరు రోజులు ఎవరి ఫోన్ వాళ్లదే, ప్రేమలు, అలకలు అన్నీ అందులోకి. డబ్బు, భూమి, అప్పు, పెళ్లి, బడి మార్చడం మాత్రం శుక్రవారం నాడు, అందరి ముందే. రోజూ చేసే ఫోన్లో ఎవరైనా ఎత్తితే "శుక్రవారం మాట్లాడుకుందాం" అనాలి, ఆయనతో సహా.

మామయ్య ముందు మాట పెగలదంటారేమో. పెగలదు, నాకూ పెగిలేది కాదు. విషయాలు కాగితం మీద రాసి మీ పెద్దపిల్ల చేతికివ్వండి. మనవరాలు చదివితే ఏ తాతకూ కోపం రాదు. కౌలు లాంటి వాటికి ఎకరానికి ఎంత, ఎప్పుడిస్తారు, ఎన్నేళ్లు అని అంకెలతో రాయండి. మీ ఇద్దరి మాటల్లో తేడా అబద్ధం వల్ల వచ్చి ఉండదు. ఒకరు నిరుటి రేటు, ఒకరు ఈ ఏటి రేటు చెప్పి ఉంటారు. పొలాల దగ్గర చాలా గొడవలు ఇవే.

ప్రశ్న: నర్సంపేట నుంచి. ఆయన తాగొచ్చి చెయ్యి చేసుకుంటారు. పిల్లల ముందే. కూర్చోబెట్టి మాట్లాడితే మారతారా?

జవాబు: లేదమ్మా. ఇందాక చెప్పినవేవీ మీ కోసం కాదు. కొట్టే మనిషి ముందు మనసులో మాట చెబితే ఆ మాటకే రాత్రి దెబ్బలు పడొచ్చు. పిల్లలతో చెప్పించడం అసలే వద్దు. 181కి ఫోన్ చేయండి, అది మహిళల హెల్ప్‌లైన్, ఏ వేళైనా ఎత్తుతారు. సఖి కేంద్రం ఎక్కడుందో, ఎట్లా రావాలో వాళ్లే చెబుతారు, అక్కడ ఒకటి రెండు రోజులు ఉండటానికి కూడా చోటుంటుంది. అప్పటికప్పుడు ప్రాణం మీదికొస్తే 112. పిల్లల మీద చెయ్యి పడితే 1098. ఆధార్, రేషన్ కార్డు, పిల్లల సర్టిఫికెట్లు, బ్యాంకు పాస్‌బుక్ ఒక సంచిలో వేసి నమ్మకమైన వాళ్లింట్లో ఉంచండి. నాకు మళ్లీ ఉత్తరం రాసేదాకా ఆగకండి.

ప్రశ్న: హన్మకొండ నుంచి రిటైరైన లెక్కల మాస్టారిని. మా ఇంట్లో నాలుగు నెలలుగా నెలకోసారి కూర్చుంటున్నాం, బాగానే ఉంది. మినిట్స్ రాయడానికి మంచి బైండింగు రిజిస్టరు కొందామని నేను, వద్దని మా కోడలు. మీరేమంటారు?

జవాబు: మాస్టారూ, కోడలిదే గెలుపు. కరెంటు బిల్లు వెనక ఖాళీగా ఉంటుంది, అక్కడ మూడు లైన్లు రాసి ఫ్రిజ్ మీద అంటించండి. వచ్చే నెల కొత్త బిల్లు వచ్చేసరికి పాతవి అయ్యాయో లేదో తెలిసిపోతుంది. రిజిస్టరు కొన్నారంటే గీతలు కొడతారు, గీతలు కొట్టాక సంతకాలడుగుతారు. ఆ దారి ఎక్కడికి పోతుందో నా ఇనప పెట్టెలో ఉంది.